కోరంగి మడల్లో నీటిపిల్లి: దళారికి 6,500 పోశాం, అడుగులు సరంగు చూపించాడు

కాకినాడలో ఎవరైనా దగ్గరికొచ్చి "రాత్రి సఫారీ ఉందండీ, నీటిపిల్లిని గ్యారంటీగా చూపిస్తాం" అంటే పైసా కూడా ఇవ్వకండి. ఇదంతా రాయడం ఆ ఒక్క మాట చెప్పడానికే. నీటిపిల్లి అంటే నీళ్ళ పక్కన చేపలు పట్టి బతికే అడవిపిల్లి, ఇంగ్లీషులో ఫిషింగ్ క్యాట్. కాకినాడ పక్కనున్న కోరంగి మడ అడవి అభయారణ్యం చూడదగ్గ చోటు, మళ్ళీ మళ్ళీ వెళ్ళదగ్గ చోటు. ఆ పేరు చెప్పుకుని జరిగే రాత్రి వ్యాపారం మాత్రం సందర్శకుడి జేబుకీ చేటే, ఆ జంతువుకీ చేటే.

ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు. లింగంపల్లిలో గౌతమి ఎక్కి పొద్దున్నే కాకినాడలో దిగాం, అంతే. పెద్దవాళ్ళం ముగ్గురం, బావగారి పదకొండేళ్ళ అమ్మాయి. జనవరి నెల, పుష్య బహుళ అష్టమి. తిథి ఎందుకు చెబుతున్నామో కింద తెలుస్తుంది.

స్టేషనుకు దగ్గరలో ఒక లాడ్జిలో రెండు గదులు, గదికి రోజుకు 1,700. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, వేణ్ణీళ్ళు ఆరు నుంచి ఎనిమిది దాకానే. గది సంగతి ఎలా ఉన్నా కౌంటరు దగ్గర జాగ్రత్తగా ఉండాలి. కోరంగికి ఆటో ఎంతవుతుందని అడిగితే, అడగని సమాచారం కూడా చెప్పి, ఒక మనిషికి ఫోన్ చేసి పిలిపించారు. ఆ మనిషి ఫోనులో నీటిపిల్లి ఫోటోలు చూపించాడు. అభయారణ్యం లోపలికి కాదు, బయట రొయ్యల చెరువుల గట్ల మీదే అన్నాడు. నమ్మడానికి కారణం ఆ మాటే. మడ అడవిని ఆనుకుని ఉన్న చెరువు గట్ల మీదికి నీటిపిల్లి రాత్రిళ్ళు వచ్చే మాట నిజం. నలుగురికి 6,500, ముందే ఇవ్వాలన్నాడు. ఇచ్చాం.

రాత్రి తొమ్మిదిన్నరకు జీపులో యానాం రోడ్డు మీద కొంత దూరం పోయి, ఒక చెరువు గట్టు దగ్గర ఆపారు. గట్టు చివర చేపల తలకాయలు, పొట్ట తీసిన వ్యర్థం కుప్పగా పోసి ఉంది. పావుగంటలో ఒక పిల్లి వచ్చింది. వెంటనే దాని మొహం మీదికి పెద్ద టార్చి వేశారు. అది కళ్ళు చెదిరి, పది క్షణాలు నిలబడి, రోడ్డు వైపే పరుగెత్తింది. "చూశారుగా, అదే నీటిపిల్లి" అని దళారి ఇంజను స్టార్ట్ చేశాడు.

అది నీటిపిల్లి కాదు, జంగుపిల్లి (జంగిల్ క్యాట్), మరో రకం అడవిపిల్లి. తేడా రాత్రి వెలుతురులో కూడా తెలుస్తుంది, ఏం చూడాలో ముందే తెలిసి ఉంటే.

మొదట కాళ్ళు చూడాలి. జంగుపిల్లి కాళ్ళు పొడవు, నడుస్తుంటే ఒళ్ళు నేలకు ఎత్తుగా ఉంటుంది. నీటిపిల్లి పొట్టికాళ్ళది, బలిసిన ఒళ్ళు, నేలకు ఆనుకుని నడిచినట్టుంటుంది. తరవాత చెవులు. జంగుపిల్లి చెవులు నిలువుగా, మొనదేలి, కొసన చిన్న నల్ల వెంట్రుకల కుచ్చుతో ఉంటాయి. నీటిపిల్లివి చిన్నవి, గుండ్రనివి, తలకు అటూ ఇటూ ఎడంగా ఉంటాయి. వెనక వైపు నలుపు, ఆ నలుపు మధ్యలో తెల్లని మచ్చ. ఒంటి రంగు చూస్తే సందేహమే ఉండదు. జంగుపిల్లి ఇసుక రంగులో దాదాపు మచ్చల్లేకుండా ఉంటుంది, కాళ్ళ మీద మాత్రం మసక చారలు. నీటిపిల్లి బూడిద, ఆకుపచ్చ కలిసిన ముదురు రంగు. దాని మీద సాగదీసినట్టున్న నల్ల మచ్చలు తల నుంచి తోక వైపు వరసలు కట్టి ఉంటాయి. నుదుటి నుంచి మెడ దాకా నల్ల గీతలు. తోక పొట్టిది, ఒంటి పొడవులో మూడోవంతుకు కాస్త అటూ ఇటూ, కానీ దళసరి. ఈదేటప్పుడు అదే చుక్కాని.

బరువులోనూ తేడా ఉంది. మగ నీటిపిల్లి 8 నుంచి 16 కిలోల దాకా తూగుతుంది, ఆడది 5 నుంచి 9. ఇంటిపిల్లికి రెట్టింపు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. "బావురుపిల్లి" అన్న పేరు పత్రికల్లో దీనికి వాడుతున్నారు గానీ, ఊళ్ళలో ఆ మాట ఏ అడవిపిల్లికైనా అనేస్తారు. దళారి తప్పించుకోవడానికి ఆ పేరు బాగా పనికొస్తుంది. కాబట్టి పేరు నమ్మకండి, చెవులు, మచ్చలు, తోక చూసుకోండి.

బావగారు ఊరుకోలేదు. లాడ్జి ముందు పదకొండున్నర దాకా గొడవపడి 2,000 వెనక్కి రాబట్టారు. మిగతా 4,500 పోయినట్టే. పిల్ల అప్పటికే సీట్లో నిద్రపోయింది, పొద్దున్న లేచాక "రేపు కూడా అలాంటిదేనా" అని అడిగింది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా ఈ పద్ధతి ఆగాలి. ఆ కుప్ప పోసిన గట్టుకు కొద్ది దూరంలోనే 216 నంబరు జాతీయ రహదారి. రోజూ ఒకే చోట తిండి దొరికితే పిల్లి రోజూ రోడ్డు దాటుతుంది, ఏదో ఒక రాత్రి లారీ కింద పడుతుంది. చేపల వాసనకు ఊరకుక్కలు గుంపుగా చేరతాయి, వాటి నుంచి పిల్లి కూనలకు ప్రమాదం, రోగాలు కూడా అంటుకుంటాయి. అన్నిటికన్నా పెద్ద నష్టం, చెరువు యజమానికి పిల్లి మీద కోపం పెరగడం. మామూలుగా గట్టు పక్కన నడిచిపోయే జంతువు, కుప్ప మరిగాక గట్టు మీదే కాపు వేస్తుంది. అప్పుడు ఉచ్చు పెడతారు, లేదా విషం కలిపిన చేప వేస్తారు. నీటిపిల్లికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో రక్షణ ఉంది, అంటే పులికి ఉన్నంత రక్షణ. అదే చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగు పెట్టడమూ నేరమే. "లోపలికి కూడా తీసుకెళ్తాం, ఇంకో రెండు వేలు" అని ఎవరైనా అంటే ఈ సంగతి గుర్తుంచుకోండి, పట్టుబడితే కేసు మీ మీద కూడా పడుతుంది.

ఇక మంచి సంగతి. మర్నాడు పొద్దున్న ఆటో మాట్లాడుకున్నాం, రానూపోనూ, ఆగినంత సేపు ఆగేట్టు 1,100. నలుగురు లేకపోతే యానాం బస్సు ఎక్కి కోరంగి దగ్గర దిగడం మేలు. ప్రవేశ ద్వారం రోడ్డు పక్కనే, కాకినాడకు ఇరవై కిలోమీటర్ల లోపు. టికెట్టుకు బోర్డు మీద రాసిన ధరే తీసుకున్నారు, చిల్లర దగ్గర ఉంచుకోండి. మడ చెట్ల మధ్యగా వేసిన చెక్క వంతెన మీద నడక చాలామందికి ఇష్టం. ఆదివారం, సెలవు రోజుల్లో మాత్రం సెల్ఫీల కోసం గుంపులు నిలబడి దారే ఉండదు, కేకలకు పిట్ట కూడా మిగలదు. మామూలు రోజున తెరవగానే వెళ్ళండి.

వంతెన మీద తొందరపడకుండా చెట్లు చూడండి. బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచినవి మడచెట్ల ఊపిరి వేళ్ళు. నీళ్ళు నిలిచిన బురదలో గాలి ఆడదు గనక వేళ్ళు పైకొచ్చి గాలి తీసుకుంటాయి. తెల్ల మడ, నల్ల మడ ఇక్కడ ఎక్కువ. కొమ్మల నుంచి గొడుగు ఊచల్లా వేళ్ళు దించుకుని నిలబడింది ఉప్పుపొన్న. తిల్ల చెట్టు కొమ్మ మాత్రం విరవకండి, పాలు కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది. పిల్లలుంటే ఇది ముందే చెప్పాలి.

అసలు విలువ పడవలో ఉంది. అయితే పడవ ఏ వేళకు ఎక్కామన్నదాన్ని బట్టి అంతా మారిపోతుంది. రోజుకు రెండు పోట్లు (నీళ్ళు ఎక్కడం), రెండు పాట్లు (నీళ్ళు దిగడం). రోజురోజుకూ వేళ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ తీరంలో అమావాస్యకూ పౌర్ణమికీ పాటు సుమారుగా మధ్యాహ్నం రెండున్నర, మూడుకు వస్తుంది. అష్టమి, నవమి నాటికి అర్ధరాత్రి దాటాక వచ్చే రెండో పాటు ఉదయం తొమ్మిది, పదికి జరుగుతుంది. కాలువల్లో లోపలికి పోయేకొద్దీ ఇంకాస్త ఆలస్యం. నిండు పోటులో వెళితే పడవ చిన్న పాయల్లోకి కూడా హాయిగా దూరుతుంది గానీ బురద కనిపించదు, ఆకులూ నీళ్ళూ చూసి వస్తారు. పూర్తిగా పాటు అయ్యాక వెళితే బురదంతా తేలి ఉంటుంది, కానీ పడవ పెద్ద కాలువ దాటి పోలేదు, పోతే ఇరుక్కుంటుంది. పాటు ముగియడానికి గంట, గంటన్నర ముందు బయల్దేరడం సరైన లెక్క. ఆ మర్నాడు నవమి కావడం మా అదృష్టం. నలుగురికి పడవకు 1,200 ఇచ్చాం. పడవ నడిపే సరంగు ఆ చుట్టుపక్కల చేపలు పట్టే కుటుంబం మనిషి, సగం దూరం ఇంజను ఆపేసి గెడ వేసి నడిపాడు. ఇంజను ఆపమని మీరే అడగండి, అడిగితే ఆపుతారు.

అరగంటకు గట్టు వాలులో బురద మీద అడుగులు చూపించాడు. పది రూపాయల బిళ్ళలు రెండు పక్కపక్కన పెట్టినంత వెడల్పు, నాలుగు వేళ్ళు, గుండ్రంగా. పిల్లిజాతి అడుగులో మామూలుగా గోళ్ళ గుర్తు పడదు, గోళ్ళు లోపలికి ముడుచుకుంటాయి గనక. నీటిపిల్లి గోళ్ళు పూర్తిగా ముడుచుకోవు, మొనలు బయటే ఉంటాయి. అందుకే మెత్తటి బురదలో వేలి ముందు చిన్న గాటు కనబడొచ్చు. ఈ గాటు చూసి నక్క అడుగు అనుకునే ప్రమాదం ఉంది. నక్కది కోలగా ఉంటుంది, గోళ్ళ గుర్తులు నిక్కచ్చిగా పడతాయి. నీటికుక్కకైతే (ఆటర్) ఐదు వేళ్ళు, వాటి మధ్య పొర గుర్తు బాగా వెడల్పు. నీటిపిల్లి వేళ్ళ మధ్య కూడా పొర ఉంటుందని ప్రతి చోటా రాస్తారు. ఉన్న మాట నిజమే, కానీ అది కొంతవరకే, బాతు కాలిలా ఊహించుకోకూడదు. ఈతకు అసలు బలం ఒంట్లోనూ తోకలోనూ ఉంది. చలికి అడ్డు దాని బొచ్చు. లోపలి పొర పొట్టిగా, దట్టంగా ఉండి నీటిని చర్మం దాకా రానివ్వదు, పై పొర పొడవు వెంట్రుకలు, రంగూ మచ్చలూ వాటివే.

అడుగులు ఎప్పటివో కూడా లెక్క కట్టొచ్చు. తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో పోటు నిండింది. ఆ గీతకు కింద పడ్డ అడుగులు నాలుగు తరవాతవే, ముందువైతే నీళ్ళు చెరిపేసేవి. సరంగు మాట ఇది: "ఆయ్, పోటులో దిగదండి. నీళ్ళు లాగేశాక గుంటల్లో చేపలు మిగిలిపోతాయి చూడండి, అప్పుడొత్తాది. ఎలుగొచ్చేలోపు ఎళ్ళిపోద్ది." గట్టు అంచున కూర్చుని పంజాతో చేపను ఎగదీస్తుంది, కావాలంటే తల ముంచి నీళ్ళలోకి దూకుతుంది కూడా. చేపే ముఖ్యం, దొరక్కపోతే పీతలు, ఎలుకలు, పిట్టలు, పాములు. కాస్త అవతల దాని పెంట కూడా కనిపించింది, చేప పొలుసులూ పీత డిప్పల ముక్కలూ మెరుస్తూ. దాన్ని చేత్తో ముట్టనివ్వలేదు సరంగు, అది సరైన పని.

పిల్ల ఆ అడుగు పక్కన చెయ్యి పెట్టి చూసుకుంది. వచ్చేదారిలో మూడు నీటికుక్కలు కాలువకు అడ్డంగా ఈదాయి. రాత్రి 6,500కు కలగని సంతోషం ఆ గంటన్నరలో కలిగింది. సరంగుకు విడిగా 300 ఇచ్చాం, ఆయన అడగలేదు.

పడవలోంచి ఇంకొకటి తప్పకుండా చూడండి. చెట్లు పల్చబడ్డ చోట పెద్ద కాలువ, దానికి రెండు వైపులా వాలుగా తవ్విన పిల్ల కాలువలు, పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. మడ ఒకసారి కొట్టేస్తే ఎండకు నేల కుంగి పళ్ళెంలా తయారవుతుంది. పోటు నీళ్ళు వచ్చి నిలిచిపోతాయి, ఆవిరై ఉప్పు పేరుకుంటుంది, ఆ ఉప్పులో మొక్క బతకదు. కాలువలు తవ్వితే నీళ్ళు వచ్చి వెనక్కి పోతాయి, ఉప్పు కడుక్కుపోతుంది, అప్పుడు నాటిన మడ నిలుస్తుంది. గోదావరి, కృష్ణా మడల్లో అటవీ శాఖ, స్వామినాథన్ పరిశోధన సంస్థ, ఊరి సమితులు కలిసి ఈ పద్ధతిలోనే చాలా చోట్ల అడవిని తిరిగి లేపాయి. ఈ కాలువలను పూడిక తీస్తూ ఉండాలి, వదిలేస్తే పూడిపోయి మళ్ళీ మొదటికొస్తుంది.

కోరంగిని అభయారణ్యంగా ప్రకటించింది 1978లో, విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. 2018 లెక్కలో ఇక్కడ 115 నీటిపిల్లులు తేలాయి. ఒక్కో పులికి చారలు వేరైనట్టే వీటిలో ఒక్కోదానికి మచ్చల అమరిక వేరు, అందుకే కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే దానంతట అదే తీసే కెమెరా) ఫోటోల్లో ఒకదాన్నుంచి ఒకటి విడదీసి లెక్కపెట్టొచ్చు. ఒడిశాలోని చిలికా సరస్సు దగ్గర 2022లో ఇదే తరహాలో లెక్కపెడితే 176 వచ్చాయి. పశ్చిమ బెంగాల్‌కు ఇది రాష్ట్ర జంతువు. ప్రపంచం మొత్తం మీద అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం (ఐయూసీఎన్) దీన్ని ముప్పులో ఉన్న (వల్నరబుల్) జాతిగా చేర్చింది, ఎందుకంటే ఇది బతికే తడి నేలలే అన్నిటికన్నా ముందు చెరువులుగానో, రేవులుగానో, ఇళ్ళ స్థలాలుగానో మారిపోతున్నాయి. పిల్లలు పెట్టేది కూడా ఎక్కువ కాదు, అరవై మూడు నుంచి డెబ్భై రోజులు మోసి మామూలుగా రెండు కూనల్ని పెడుతుంది. దట్టమైన తుంగలోనో, చెట్టు తొర్రలోనో దాస్తుంది. చెరువు కోసం ఆ తుంగ తగలబెట్టినప్పుడు పోయేది ముందు ఆ కూనలే.

భోజనం గురించి రెండు ముక్కలు. తాళ్ళరేవు దారిలో ఒక రేకుల షెడ్డు మెస్‌లో చేప భోజనం 180. పండుగప్ప పులుసు, దోసకాయ పప్పు, గడ్డ పెరుగు. పులుసు అంత బాగుంటుందని ఎవరమూ అనుకోలేదు, రాత్రి నుంచి ముభావంగా ఉన్న బావగారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. పండుగప్పా, మండపీతా, రొయ్యా చిన్నప్పుడు పెరిగేది ఈ మడ వేళ్ళ మధ్యనే. పిల్లి తినేదీ మనం తినేదీ ఒకే నర్సరీలోంచి వస్తున్నాయి. జనవరిలో ఎవరైనా పులస ఉందంటే మాత్రం కొనకండి. తాజా పులస గోదావరి వరద నెలల్లోనే, అంటే సుమారు జూలై నుంచి సెప్టెంబరు దాకానే.

కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ దీవికి ఈసారి వెళ్ళలేదు. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అక్కడ గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో "దీవికి తీసుకెళ్తాం, మంట వేసుకోవచ్చు" అనే పడవలవాళ్ళ వెంట వెళ్ళకండి. వెలుతురుకు తాబేలు పిల్లలు సముద్రం వదిలి ఎదురు దారి పడతాయి.

ఖర్చు లెక్క ఇది, రైలు, టికెట్లు, టిఫిన్లు, రెండు పూటల తిండి కాకుండా: రెండు గదులకు రెండు రోజులు 6,800, ఆటో 1,100, పడవ 1,200, సరంగుకు 300, చేప భోజనాలు నాలుగు 720. మొత్తం 10,120. దళారికి పోయిన 4,500 దీనికి అదనం. దుస్తులు లేత రంగువి వేసుకోండి, పొడుగు చేతులవి, పాటు వేళ దోమలు విపరీతం. బైనాక్యులర్ ఎనిమిదింతలది చాలు. నీళ్ళ సీసా పట్టుకెళ్ళి సీసాతోనే వెనక్కి రండి.

తుఫాను నెలలైన అక్టోబరు, నవంబరు వద్దు, ఎండాకాలం మధ్యాహ్నం బురద మీద నుంచి వచ్చే వేడికి పిల్లలు తట్టుకోలేరు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మేలు. మళ్ళీ వెళ్ళేది మాఘ పౌర్ణమికి. పౌర్ణమికి పోటు, పాటుల మధ్య తేడా ఎక్కువ, నవమి కన్నా ఎక్కువ బురద తేలుతుంది, పాటు మధ్యాహ్నం మూడు ప్రాంతంలో పడుతుంది గనక ఒకటిన్నరకు పడవ ఎక్కితే సరిపోతుంది. సరంగుకు ముందే చెప్పి వచ్చాం.